మస్కట్‌లో ఒక్క పూట

మా రాజోలు వైపు మస్కట్ అంటే ఊరు కాదు, ఒక పని. "వాళ్ళమ్మ మస్కట్‌లో ఉంది" అన్నారంటే అక్కడ ఎవరింట్లోనో వంట చేస్తోందనో, పిల్లల్ని చూసుకుంటోందనో అర్థం. మా పిన్ని కూడా 1994లో అలాగే వెళ్ళి నాలుగేళ్ళు ఉండి వచ్చింది. వచ్చేటప్పుడు తెచ్చిన టాంగ్ పొడి, టైగర్ బామ్, ఆ ఘాటు సెంటు, ఇవే నాకు తెలిసిన మస్కట్. అందుకే దుబాయ్‌లో ఉన్న మా అబ్బాయి క్రూయిజ్ బుక్ చేసి, "రెండో రోజు మస్కట్‌లో ఆగుతుందమ్మా" అనగానే, ఓడలో స్విమ్మింగ్ పూల్ ఉందా, మన తిండి దొరుకుతుందా అని నేనేం అడగలేదు. అక్కడ దిగనిస్తారా అని మాత్రం అడిగాను.

దిగనిచ్చారు. ఒమన్‌లో దిగే కాగితాలన్నీ ఓడవాళ్ళే చూసుకున్నారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, దుబాయ్ నుంచి ఓడెక్కి బయటికి పోయి మళ్ళీ దుబాయ్‌కే వస్తాం కాబట్టి దుబాయ్ వీసా మల్టిపుల్ ఎంట్రీది ఉండాలి. మాతో రావలసిన ఒక కుటుంబం ఇది తెలియక చివరి వారంలో పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

పొద్దున్నే డెక్ మీదికి వెళ్ళి చూస్తే ముందు కొండలే కనిపించాయి. చెట్టూ చేమా లేని గోధుమరంగు రాతికొండలు, సముద్రంలోకి దిగిపోయినట్టు. వాటి కాళ్ళ దగ్గర తెల్లటి ఇళ్ళు. దుబాయ్ చూసి వచ్చిన కళ్ళకి ఇక్కడ ఆకాశానికెక్కిన మేడ ఒక్కటీ లేకపోవడం హాయిగా ఉంది. ఓడ ఆగేది మత్రా దగ్గర, సుల్తాన్ కాబూస్ పోర్టులో. సరుకు ఓడల్ని 2014లో సొహార్ అనే వేరే రేవుకి తరలించాక ఇక్కడికి వచ్చేవి ఎక్కువగా మాలాంటి ఓడలే. పోర్టు లోపల నడవనివ్వరు, గేటు దాకా ఉచిత బస్సు ఉంటుంది.

గేటు బయట టాక్సీవాళ్ళు చుట్టుముట్టారు. అందరూ ఒమనీలే, ఆ పని వాళ్ళ దేశస్తులకే కేటాయించారు. దిష్‌డాషా అనే పొడుగాటి తెల్ల చొక్కా, నెత్తిన ఎంబ్రాయిడరీ టోపీ వేసుకున్న ఒక పెద్దాయన శుభ్రమైన హిందీలో నలభై రియాళ్ళు అన్నాడు. రియాల్ అంటే మన రెండొందల పైమాటే, లెక్క కట్టేసరికి మా ఆయన మొహం వాడిపోయింది. చివరికి పాతికకి ఒప్పుకున్నాడు. రియాల్‌కి వెయ్యి బైసాలు. ఆ బైసా మన పైసాయే. 1970 దాకా ఇక్కడ చెల్లింది కూడా మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం వేసిన రూపాయేనట.

ముందు గ్రాండ్ మసీదుకి తీసుకెళ్ళమన్నాం. ముస్లింలు కాని మనలాంటివాళ్ళని పొద్దున పదకొండు దాకానే రానిస్తారు, శుక్రవారం అసలే రానివ్వరు. చున్నీ తలకి చుట్టుకున్నా నా చేతులు మోచేతి దాకానే కప్పి ఉన్నాయని గుమ్మంలోనే ఆపేశారు. అబాయా అద్దెకి తీసుకుని వేసుకుంటే రెండు జానలు నేల మీద ఈడుస్తోంది. పట్టుకోలేక, నడవలేక అవస్థ పడుతుంటే మా ఆయన ఫోటోలు తీయడం ఒకటి.

లోపలికి వెళ్ళాక మాత్రం మాటలు ఆగిపోయాయి. తివాచీ ఒక్కటే డెబ్బై మీటర్ల పొడవు, అరవై మీటర్ల వెడల్పు, 21 టన్నుల బరువు. ఇరాన్‌లో 600 మంది ఆడవాళ్ళు నాలుగేళ్ళు నేశారట, 170 కోట్ల ముడులు. దాని మీద నడవనివ్వరు, పక్కన పరిచిన నీలం పట్టీ మీదే నడవాలి. నేను అంచున వంగి ఆ ముడుల్ని చూస్తూ ఉండిపోయాను. చిన్న చిన్న ఆకులు, ఒక్కో ఆకులో మూడు నాలుగు రకాల ఆకుపచ్చ రంగులు. పైన 14 మీటర్ల షాండ్లియర్ ఉంది, అందరూ దాన్నే చూస్తున్నారు. గోడల ఇసుకరాయి మన దేశంనుంచి వచ్చిందని గైడ్ ఎవరికో చెప్తుంటే నేనూ కాస్త నిటారుగా నిలబడ్డాను.

తర్వాత పాత మస్కట్. నీలం, బంగారు రంగు స్తంభాల ప్యాలెస్‌ని బయటినుంచే చూడాలి, అయిదు నిమిషాలు చాలు. దాని వెనక రేవుకి రెండు పక్కలా జలాలీ, మిరానీ కోటలు. ఇవి పోర్చుగీసువాళ్ళవి, వాళ్ళని ఒమనీలు 1650లో తరిమేశారు. నాకు కోటల కంటే రేవు చుట్టూ ఉన్న రాళ్ళు నచ్చాయి. వచ్చిన ఓడల పేర్లు నావికులు ఆ రాళ్ళ మీద రంగుతో రాసి పోయేవారట, కొన్ని ఇంకా లీలగా కనిపిస్తాయి. అక్కడికి దగ్గర్లోనే వందేళ్ళు దాటిన శివాలయం కూడా ఉంది, గుజరాతీ వ్యాపారులు నిలబెట్టుకున్నది. దణ్ణం పెట్టుకుని పరుగెత్తాం, ఒంటిగంటకి మత్రా సూక్, అంటే అక్కడి పాత బజారు, మూసేస్తారు, మళ్ళీ నాలుగింటికి గానీ తెరవరు.

సూక్ సందుల్లో కొట్లు చూసుకునేవాళ్ళు చాలావరకు మలయాళీలు, బెంగాలీలు. పొగ వాసన పట్టుకుని పోతే లుబాను అమ్మే చోటికి చేరతాం. మన సాంబ్రాణిలా ధూపం వేస్తారు, నములుతారు కూడా. దక్షిణాన ధోఫార్‌లో చెట్టు బెరడు చెక్కితే పాలలా కారి గడ్డకట్టేదే ఇది. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న హోజరీ రకం అన్నిటికన్నా మేలైనది. కొట్టు కుర్రాడు ఒక గడ్డ వెలుతురుకి ఎత్తి చూపించి "ఒరిజినల్ హోజరీ, అమ్మా" అన్నాడు. ఆ 'అమ్మా'కి పడిపోయి రెండు పొట్లాలు కొన్నాను.

కొట్టు ముందునుంచే పిన్నికి వీడియో కాల్ చేసి సముద్రం ఒడ్డున ఆ పొడుగాటి నడకదారి చూపించాను. "అదెక్కడే? మస్కటేనా?" అంది. అప్పుడు తను సీబ్‌లో ఎయిర్‌పోర్టు దిగాక కారులో నేరుగా పనిచేసే ఇంటికి, నాలుగేళ్ళకి మళ్ళీ ఆ ఇంటినుంచి ఎయిర్‌పోర్టుకి. సముద్రం దగ్గరే అని తెలుసట, చూడలేదు. నాకేమనాలో తోచలేదు. బస్సు లైన్ పెద్దదిగా ఉంది, ఓడ ఎక్కేసరికి చివరి పది నిమిషాలు.

ఊరికి వెళ్ళినప్పుడు ఒక పొట్లం పిన్నికిచ్చాను. విప్పి ఒక గడ్డ గోటితో గీకి, వాసన చూసి, నోట్లో వేసుకుంది.

"ఎంత పోశావే?"

చెప్పాను.

"రెండో రకం ఇది. నాలుగేళ్ళు సాయంత్రం సాయంత్రం ఇల్లంతా పొగేశాను, నాకు తెలీదా! మా మేడమ్ అయితే ఈ సరుకు గుమ్మం దాటనిచ్చేది కాదు."