బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకున్నాను

2023 సంక్రాంతి సెలవులకు వారం రోజుల ముందు, పదేళ్ల నాటి మా స్విఫ్ట్ పెట్రోలు కారు బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర రేకు మీద మేకుతో గీసినట్టు కీచుమని అరవడం మొదలుపెట్టింది. చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కును ఇరువైపులా నొక్కి కారును ఆపే పలకలే ప్యాడ్లు. అవి అరిగిపోయాయని తెలియజేయడానికి వాటికి అమర్చిన చిన్న ఇనుప నాలుక డిస్కుకు రాసుకుని చేసే చప్పుడు అదని నాకు అప్పటికి తెలియదు. విజయవాడలోని ఒక సర్వీస్ సెంటరుకు తీసుకువెళితే ప్యాడ్లు మార్చడం, రెండు డిస్కులను లేత్ పట్టించడం (అంటే యంత్రం మీద పైపొర చెక్కి నునుపు చేయడం), లేబర్ ఛార్జీ, పన్నులు అన్నీ కలిపి 6,420 రూపాయలని ఎస్టిమేటు చేతిలో పెట్టారు. డిస్కులకు లేత్ ఎందుకని అడిగితే, ప్యాడ్లు మార్చేటప్పుడు అందరికీ అలాగే చేస్తామన్నారు. ఆ జవాబు నాకు మింగుడుపడలేదు.

నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పానా పట్టడం చేతకాకపోయినా కొలవడం చేతనవును కాబట్టి, ఇంటికి వచ్చి జాకీ వేసి చక్రం విప్పి, వెర్నియర్ కాలిపర్స్‌తో డిస్కు మందం చూశాను. డిస్కు అంచున అరగని భాగం సన్నని గట్టులా మిగిలి ఉంటుంది గనుక నేరుగా కొలిస్తే ఆ గట్టు మందమే వస్తుంది. అందువల్ల ఇరువైపులా ఒక్కొక్క రూపాయి నాణెం లోపలికి జరిపి పట్టుకుని కొలిచి, నాణేల మందం తీసివేశాను. ఉండవలసిన కనీస మందం డిస్కు మీదే చెక్కి ఉంది. మాది దానికి పైనే తేలింది. గోరుతో గీసి చూస్తే ఎక్కడా గాడి తగలలేదు. ప్యాడ్లు మాత్రం రెండు మిల్లీమీటర్లకు దిగిపోయాయి.

మర్నాడు ఆటోనగర్‌కు వెళ్లి ప్యాడ్ల సెట్టు 1,350కి, బ్రేక్ క్లీనర్ డబ్బా 250కి, పిన్నులకు పూసే గ్రీజు 120కి తెచ్చాను. ఆ వీధిలోనే చిన్న షెడ్డు ఉన్న ఒక పెద్ద వయసు మేస్త్రి గారు నా ఉత్సాహం చూసి, "జాకీని నమ్మి కారు కింద చెయ్యి పెట్టొద్దు మాస్టారూ, స్టాండ్లు కొనుక్కోండి" అన్నారు. స్టాండ్ల జత 1,400, బోల్టులు తిప్పే గోటీల సెట్టు 1,900, సీ-క్లాంపు 350, బిగింపు బలం చూపే టార్క్ రెంచి 2,200 అయ్యాయి. ఇంట్లో ఈ లెక్క చెప్పినప్పుడు నా భార్య ఎస్టిమేటు కాగితం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

అపార్టుమెంటు సెల్లారులో హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేసి, ఆ తరువాతే కారు లేపి స్టాండు మీద నిలిపాను. ప్యాడ్లను డిస్కుకు ఇరువైపులా పట్టి ఉంచే బ్రేకు కాలిపర్ కింది బోల్టు తీసి పైకి మడిస్తే పాత ప్యాడ్లు చేతికి వచ్చేశాయి. చిక్కంతా ఆ తరువాతే. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి, బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో ప్యాడ్‌ను డిస్కుకు నొక్కే పిస్టన్‌ను క్లాంపుతో లోపలికి నెట్టాలి. అలా నెడుతుంటే బానెట్ కింద ఏదో కారుతున్న వాసన వచ్చింది. ప్యాడ్లు అరిగేకొద్దీ బానెట్ కింది డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గడం సహజం; వెనకటి సర్వీసులో ఎవరో దాన్ని పైదాకా నింపేశారు. ఇప్పుడు వెనక్కి వచ్చిన ఆయిల్‌కు చోటు లేక పొర్లింది. బ్రేక్ ఆయిల్ రంగును తినేస్తుందని ఎక్కడో చదివింది గుర్తొచ్చి బకెట్‌తో నీళ్లు పోశాను గానీ, అప్పటికే అరచేయంత మేర రంగు పొక్కింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

రెండు వైపులా పని ముగించి, నట్లు ఎదురెదురుగా బిగించి, తృప్తిగా కారు స్టార్టు చేసి రివర్సు వేశాను. బ్రేకు తొక్కితే పెడల్ ఏ బిగువూ లేకుండా నేలకు దిగిపోయింది. కారు మెల్లగా వెనక స్తంభం వైపు పోతోంది. చేతికి అందిన హ్యాండ్ బ్రేకు లాగితే జానెడు దూరంలో ఆగింది. వెనక్కి నెట్టిన పిస్టన్లు మళ్లీ ముందుకు వచ్చి ప్యాడ్లను తాకే దాకా, కారు కదపక ముందే పెడల్‌ను పలుమార్లు తొక్కాలి. ఏటేటా పిల్లలకు పాస్కల్ సూత్రం చెబుతూ హైడ్రాలిక్ బ్రేకునే ఉదాహరణగా చూపించే నాకు ఆ సంగతి తోచకపోవడం సిగ్గుగా అనిపించింది. నాలుగైదు సార్లు తొక్కగానే పెడల్ గట్టిపడింది. తరువాత డబ్బాలో మట్టం సరిచూసి, సెల్లారులోనే పదిసార్లు ఆపి చూశాక గాని రోడ్డు మీదికి తీయలేదు.

ఈ పనికి మొత్తం 7,570 రూపాయలు అయింది, అంటే ఎస్టిమేటు కన్నా 1,150 ఎక్కువ. పనిముట్లు మిగిలాయి కాబట్టి ఆ తరువాతే లెక్క మారింది. గ్లవ్ బాక్సు వెనక ఉండే ఏసీ ఫిల్టరు మార్చడానికి పది నిమిషాలు చాలు, దానికి స్క్రూడ్రైవరు కూడా అక్కరలేదు. ఎయిర్ ఫిల్టరు, నాలుగు స్పార్కు ప్లగ్గులు, వైపర్లు, బ్యాటరీ కూడా నేనే మార్చాను. ఇంజిన్ ఆయిల్ మూడు లీటర్ల పైచిలుకు పడుతుంది కాబట్టి మూడున్నర లీటర్ల డబ్బా తెచ్చి రెండుసార్లు మార్చాను. పాత నూనెను కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి మేస్త్రి గారి షెడ్డులో పీపాలో పోసి వస్తాను. పుస్తకంలో రాసుకున్న ప్రకారం రెండేళ్లలో ఈ పనుల మీద సుమారు 9,300 మిగిలింది, మొదటి నష్టం పోను 8,150. నా ఆదివారాలకు కూలి కట్టుకుంటే ఈ లెక్క నిలవదని ఒప్పుకుంటాను. కారు వారంటీలో ఉన్నవారికి ఇవేవీ చేయమని నేను చెప్పను.

క్లచ్, ఏసీ గ్యాసు, ఎయిర్‌బ్యాగుల వైర్లు నేను ముట్టుకోను. వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు మాత్రం ఒకసారి విప్పి, లోపలి స్ప్రింగులు ఏ కొక్కేనికి ఏది తగిలించాలో తేలక, తీసిన ఫొటోలు చూసుకుంటూ చీకటి పడేదాకా కూర్చుని బిగించాను. అప్పటి నుంచి వాటిని మేస్త్రి గారికే ఇస్తున్నాను. ఆయన పని చేస్తున్నంతసేపూ నేను పక్కన టార్చి పట్టుకుని నిలబడతాను. స్ప్రింగు తగిలించే ముందు ఆయన ఒక్క క్షణం ఆగి, నేను చూస్తున్నానో లేదో తలెత్తి చూస్తారు.