రాదంటే రాదని ముందే చెప్పండి

అమెరికాలో ఉండే మా పెద్దమామ 2007లో మా అమ్మకి గ్రీన్‌కార్డ్ కోసం పిటిషన్ వేసినాడు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లని పిలిపించుకునే ఎఫ్4 కేటగిరీ అది, అప్పుడు నేను మూడో తరగతి, మామ పంపించిన రసీదు జెరాక్స్‌ని అమ్మ తిరుపతి కొర్లగుంట ఇంట్లో దేవుని గూట్లో పెట్టింది. ఇప్పుడు నాకు 27. ఏ తేదీ దాకా వేసినోళ్ల వంతు వచ్చిందో అమెరికా వాళ్లు నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌ని 2025 చివర్లో చూసినా ఇండియాకి ఎఫ్4 డేట్ ఇంకా 2006 దాటలా.

ఎప్పుడో ఒకరోజు అమ్మానాన్నలకి రావచ్చేమో గానీ నాకైతే రాదు, 21 దాటితే పిల్లల కింద లెక్క కట్టరు, పిటిషన్ వాళ్ల ఆఫీసులో పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేసి లెక్కేసినా నాది దాటిపోయింది. మేడ మీద ఇంకో పోర్షన్ వేద్దామని నాన్న ఎన్నిసార్లు అన్నా అమ్మ "ఎట్లాగూ పోతాం కదా, ఇప్పుడెందుకు" అనేది. పద్దెనిమిదేళ్లు అదే మాట.

అమెరికా అందర్నీ రానివ్వాలని నేను అనడంలా. ఎంతమందిని రానియ్యాలో ఆ దేశం ఇష్టం, మన దేశమూ 2025లో పాత చట్టాలు నాలుగు తీసేసి విదేశీయుల రాకపోకలకి ఒకటే చట్టం పెట్టుకునింది, ఎవరి గడప వాళ్లది. నా బాధల్లా లిమిట్ పెట్టేది ఒక నంబర్‌కి, అప్లికేషన్ తీసుకునేది మాత్రం ఎంతమంది ఇస్తే అంతమంది దగ్గర. ఎఫ్4కి ప్రపంచం మొత్తానికి కలిపి ఏడాదికి 65,000 వీసాలు, అందులోనే భార్యాభర్తలు పిల్లలు అందరూ, పైగా ఏ దేశానికైనా 7 శాతమే సీలింగ్, అంటే నూటనలభై కోట్ల ఇండియాకీ నాలుగు లక్షలు కూడా లేని ఐస్‌లాండ్‌కీ ఒకటే గీత. మరి ఇన్ని లక్షల పిటిషన్లకి ఫీజు కట్టించుకుని రసీదు ఇచ్చి పెట్టుకుంటే అది ఆశ పెట్టినట్టా, మాట ఇచ్చినట్టా?

మన ఊర్లో చూడండి, విష్ణునివాసం దగ్గర, శ్రీనివాసం దగ్గర సర్వదర్శనం టోకెన్ ఇస్తారు, ఆ రోజు కోటా అయిపోతే కౌంటర్ మూసేస్తారు, జనం తిట్టుకుంటారు, కానీ చేతిలో టోకెన్ ఉన్నోడికి దాని మీద టైమ్ ఉంటుంది, వాడు వెళ్లి అన్నం తిని పడుకుని ఆ టైమ్‌కి కొండెక్కుతాడు. టోకెన్ ఇచ్చి ఇరవై ఏళ్ల తర్వాత రా, నీ పిల్లోడు మాత్రం పెద్దోడైపోయినాడు కాబట్టి వద్దు అని ఎవరూ అనరు కదా.

ఈ మాట అమెరికాలోనే ఒకావిడ ఎప్పుడో చెప్పింది. బార్బరా జోర్డాన్ అని టెక్సాస్ నుంచి కాంగ్రెస్‌కి వెళ్లిన నల్లజాతి మహిళ, 1990ల్లో ఇమ్మిగ్రేషన్ సంస్కరణల కమిషన్‌కి చైర్మన్. ఆ కమిషన్ 1995లో చట్టప్రకారం వచ్చే వలసల్ని ఏడాదికి 5.5 లక్షలకి తగ్గించండి, అన్నదమ్ముల కేటగిరీ ఎత్తేయండి, ఆ వీసాలు గ్రీన్‌కార్డ్ ఉన్నోళ్ల భార్యాభర్తలకీ చిన్నపిల్లలకీ ముందు ఇవ్వండి అనింది. తీరని క్యూ పెట్టి మనుషుల్ని నిలబెట్టడం కన్నా ఆ క్యూనే లేకుండా చెయ్యడం మేలని. చదివినప్పుడు మొదట నాకు కోపం వచ్చింది, మా కేటగిరీనే తీసేయమంటుంది కదా అని, తర్వాత ఆలోచిస్తే అప్పుడే తీసేసుంటే మామ 2007లో పిటిషన్ వేసేవాడే కాదు, మా మేడ ఎప్పుడో లేచుండేది. 1996 జనవరిలో ఆమె చనిపోయింది, ఆ ఏడాది చట్టంలో అక్రమ వలసల భాగం పాసైంది గానీ ఈ కేటగిరీ ఎత్తేసేది పాస్ కాలా.

ఇంకో మాట, మనోళ్ల తప్పు కూడా చెప్పాలి. అమెరికాలో ఉద్యోగానికి ఇచ్చే హెచ్1బీ వీసా లాటరీకి 2023లో 7.8 లక్షల రిజిస్ట్రేషన్లు పడినాయి, అందులో సగం పైన ఒకే మనిషికి ఒకటి కన్నా ఎక్కువ వేయించినట్టివి, మనిషికి ఒకటే లెక్క అని రూల్ మార్చినాక మరుసటేడాది 4.8 లక్షలకి పడిపోయినాయి. ఉన్నవి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినోళ్లకి ఇంకో 20,000. ఇట్లాంటివి గట్టిగా ఆపాల్సిందే, దానివల్ల నష్టపోయింది నిజాయితీగా ఒక్కటే వేసుకున్న పిల్లోడు.

కానీ ఆపే పద్ధతి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు అని ఆర్డర్ మీద సంతకం పెట్టినారు, ఎవరికి వర్తిస్తుందో స్పష్టంగా చెప్పలా, వాళ్ల నాయన తద్దినానికి చిత్తూరు వచ్చిన నా క్లాస్‌మేట్ తెల్లారి ఫోన్ చూసుకుని సగం బట్టలు వదిలేసి చెన్నై ఎయిర్‌పోర్టుకి పరిగెత్తినాడు, టికెట్‌కి రెండు నెలల జీతం పెట్టినాడు, తర్వాత తీరిగ్గా చెప్పినారు ఇది పాతోళ్లకి కాదు అని. రూల్ ఎంత కఠినంగా ఉన్నా పర్లేదు, ఫలానా తేదీ నుంచి, ఫలానా వాళ్లకి అని ముందు చెప్పి పెట్టండి. ఇప్పటికే లోపల ఉండి పన్ను కట్టుకుంటున్నోళ్లకి మధ్యలో మార్చొద్దు. ఐదేళ్లలో తీర్చలేనన్ని అప్లికేషన్లు తీసుకోనే వద్దు. నాకు తోచింది ఇంతే.

పోయిన వారం అమ్మకి ఇదంతా కూర్చోబెట్టి చెప్పి, మేస్త్రీని పిలిపిద్దామా అని అడిగినా. కాసేపు ఏం మాట్లాడలేదు. "వచ్చే నెల డేట్ కూడా ఒకసారి చూడు నాయనా" అనింది.