ఇంటి కప్పు మీద యాంటెన్నా: మూడు నెలల నా అనుభవం

నెలనెలా కట్టే కేబుల్ చందా మానేద్దామని ఇంట్లో ప్రతిపాదించింది నేనే. నాన్నగారు అందుకు ఒప్పుకుంటూ ఒకే ఒక్క షరతు పెట్టారు: సాయంత్రం వార్తలు మధ్యలో ఆగకూడదు. టవర్ల నుంచి గాలిలో ప్రసారమయ్యే డిజిటల్ టీవీని ఒక యాంటెన్నాతో, చందా గాని ఇంటర్నెట్ గాని లేకుండా చూడవచ్చని అప్పటికే చదివి ఉన్నాను కాబట్టి, ఒక ఆదివారం మధ్యాహ్నంతో పని పూర్తవుతుందనుకున్నాను. ఆ షరతును నిలబెట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో ఎక్కువ కాలం ఖర్చయింది పరికరాల కోసం కాదు, బొమ్మ ఎందుకు ఆగిపోతోందో తెలుసుకోవడం కోసం.

మొదట చూసుకోవలసింది టీవీలోని ట్యూనర్, అంటే యాంటెన్నా అందుకున్న ప్రసారాన్ని చదివే భాగం. భూతల డిజిటల్ ప్రసారాలకు ప్రపంచమంతటా ఒకే పద్ధతి లేదు. అమెరికా, దక్షిణ కొరియా ఏటీఎస్‌సీని, ఐరోపా దేశాలు డీవీబీ-టీని లేదా దాని తరువాతి రూపమైన డీవీబీ-టీ2ను, జపాన్, బ్రెజిల్ ఐఎస్‌డీబీ-టీని వాడుతున్నాయి. ఒక పద్ధతికి తయారైన ట్యూనర్ మరో పద్ధతిలో వచ్చే ప్రసారాన్ని చదవలేదు. మా టీవీ సెట్టింగులలో మా ప్రాంతపు పద్ధతి కనిపించింది కనుక విడిగా సెట్‌టాప్ బాక్స్ కొనవలసిన అవసరం రాలేదు.

ఆ తరువాత కాగితంలా పల్చగా ఉండే ఇండోర్ యాంటెన్నాను కొని టీవీ వెనుక గోడకు అంటించి, ట్యూనింగ్ మొదలుపెట్టాను. ఆరు చానళ్లు దొరికాయి. ఎవరైనా గదిలో అటూ ఇటూ నడిస్తే వాటిలో నాలుగు గడులు గడులుగా చెదిరి ఆగిపోయేవి. దానిని కిటికీకి మార్చాను, అక్కడ ఇంకా తగ్గిపోయాయి. కారణం తరువాత తెలిసింది: ఎండ వేడిని ఆపడానికి కిటికీ అద్దాలకు వేసే సన్నటి లోహపు పూత రేడియో తరంగాలను కూడా చాలావరకు ఆపేస్తుంది. గోడల్లో ఇనుప వల ఉన్నా, పైకప్పు కింద అల్యూమినియం రేకు పరచి ఉన్నా జరిగేది ఇదే.

అప్పుడు నేను చేసిన పని, ఈ దారిలో వచ్చేవారిలో చాలామంది చేసే పనే అనుకుంటాను. పెట్టె మీద ఎక్కువ దూరం ముద్రించి ఉన్న, లోపల యాంప్లిఫయర్ బిగించి ఉన్న మరో యాంటెన్నాను కొన్నాను. దానితో ఆరు చానళ్లు కాస్తా రెండయ్యాయి. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు దానిని పెంచే పరికరం పెడితే చానళ్లు తగ్గడమేమిటో అర్థం కాక రెండు వారాలు పోయాయి. అసలు సంగతి ఏమిటంటే, మా ఇంటికి 9 కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంది, నాన్నగారికి కావలసిన వార్తా చానల్‌తో సహా ముఖ్యమైనవన్నీ ప్రసారమయ్యే పెద్ద టవరు 52 కిలోమీటర్ల దూరంలో, దాదాపు వ్యతిరేక దిశలో ఉంది. దగ్గరి ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే బలమైన సిగ్నల్ యాంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి నింపేసేది. అలా నిండిపోయిన యాంప్లిఫయర్ తనలో తాను కొత్త రొదను, అంటే సిగ్నల్‌ను చెడగొట్టే అక్కరలేని తరంగాలను పుట్టించి, దూరం నుంచి వచ్చే సన్నటి సిగ్నళ్లను అందులో ముంచేసేది. పెట్టె మీద ముద్రించిన దూరాన్ని నేను ఆనాటి నుంచి నమ్మడం లేదు. దూరాన్ని నిర్ణయించేది యాంటెన్నా ఒక్కటే కాదు, టవరు ఎత్తు, ప్రసార శక్తి, మధ్యలోని గుట్టలు, చెట్లు అన్నీ కలిసి నిర్ణయిస్తాయి. ‘డిజిటల్ యాంటెన్నా’ అన్న మాట కూడా అమ్మకానికి పుట్టినదే. యాంటెన్నా అందుకునేది తరంగాన్ని. ఆ తరంగం మోస్తున్నది అనలాగ్ బొమ్మో డిజిటల్ అంకెలో దానికి తెలియదు. పూర్వకాలపు అల్యూమినియం యాంటెన్నా తుప్పు పట్టకుండా ఇంటి మీద నిలిచి ఉన్నవారు కొత్తది కొనేముందు దానినే ఒకసారి పరీక్షించుకోవడం మంచిది.

చాలా దేశాల్లో ప్రసార నియంత్రణ సంస్థలు ట్రాన్స్‌మిటర్ల స్థానాలను, ఫ్రీక్వెన్సీలను బహిరంగంగా ప్రకటిస్తాయి. ఆ వివరాలను పటం మీద గుర్తించుకున్న రోజే నా పని నిజంగా మొదలైందని చెప్పాలి. ఈ తరంగాలు దాదాపు తిన్నగా ప్రయాణిస్తాయి కనుక భూమి వంపు వాటికి ఒక హద్దు పెడుతుంది. టవరు ఎత్తు మీటర్లలో ఎంతో చూసి, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే వచ్చే అంకె, ఆ టవరుకు రేడియో దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో చెబుతుంది. మన యాంటెన్నా ఎత్తుకు కూడా అదే లెక్క వేసి రెండింటినీ కలుపుకోవాలి. 200 మీటర్ల టవరుకు 58 కిలోమీటర్లు, 9 మీటర్ల ఎత్తులో ఉన్న యాంటెన్నాకు మరో 12 కిలోమీటర్లు వస్తాయి. అంటే 52 కిలోమీటర్ల దూరంలోని టవరు లెక్క ప్రకారం నాకు అందుబాటులోనే ఉంది. నేను చేయవలసింది సిగ్నల్‌ను పెంచడం కాదు, యాంటెన్నాను ఎత్తులో పెట్టి, దగ్గరి ట్రాన్స్‌మిటర్ వైపు వీపు తిప్పి, దూరపు టవరు వైపు చూపించడం.

అలా ఒక దిక్కుకే చూసే యాంటెన్నాలలో అందరికీ తెలిసినది యాగీ. జపాన్‌లోని తోహోకు విశ్వవిద్యాలయంలో షింతారో ఉదా, హిదెత్సుగు యాగీ 1926లో వెలువరించిన రూపమే ఈనాటికీ ఇళ్ల కప్పుల మీద కనిపిస్తోంది. దానిలో కేబుల్‌కు కలిసేది ఒక్క కడ్డీయే. దాని వెనుక ఉన్నది వెనుక నుంచి వచ్చే తరంగాలను అడ్డుకుంటుంది, ముందున్న పొట్టి కడ్డీల వరుస ఎదుటి నుంచి వచ్చే తరంగాలను ఆ ఒక్క కడ్డీ మీదకు చేరుస్తుంది. నా ఇబ్బందికి ఇంతకన్నా తగిన పరికరం లేదు. అయితే టవరు తరంగాలు అడ్డంగా ప్రసారమవుతున్నాయా, నిలువుగానా అన్నది కూడా చూసి, కడ్డీలను అలాగే ఉంచాలి. మా పెద్ద టవరుది అడ్డం.

ఇక బిగించే రోజు. నేను కప్పు మీద, నాన్నగారు టీవీ ముందు, ఇద్దరి చేతుల్లో ఫోన్లు. టీవీ మెనూలో స్ట్రెంత్, క్వాలిటీ అని రెండు అంకెలు కనిపిస్తాయి. స్ట్రెంత్ అంటే ట్యూనర్‌కు చేరుతున్న శక్తి మొత్తం, అందులో రొద కూడా కలిసి ఉంటుంది. క్వాలిటీ అంటే ఆ సిగ్నల్‌ను ఎంత తప్పులేకుండా చదవగలుగుతోందన్నది. యాంప్లిఫయర్ పెట్టినప్పుడు స్ట్రెంత్ 90 దాటినా చానళ్లు రాకపోవడానికి కారణం ఇదే. అందుకని నాన్నగారిని క్వాలిటీ మాత్రమే చదవమన్నాను. “నలభై ఎనిమిది... యాభై ఒకటి... ఆగు, ముప్పైకి పడిపోయింది, వెనక్కి తిప్పు” అంటూ ఆయన గంటన్నర పాటు ఓపికగా చదివారు. పైకి లేపిన ప్రతిసారీ అంకె పెరుగుతుందనుకున్నాను, కాని అలా జరగలేదు. ఒక చోట అర మీటరు పైకి లేపితే తగ్గింది, అదే ఎత్తులో కాస్త పక్కకు జరిపితే ఒక్కసారిగా పెరిగింది. నేరుగా వచ్చే తరంగమూ, గోడల నుంచి, నేల నుంచి తిరిగి కొట్టే తరంగమూ కొన్ని చోట్ల ఒకదానికొకటి బలమిస్తాయి, కొన్ని చోట్ల ఒకదానినొకటి చెరుపుకుంటాయి. 550 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 55 సెంటీమీటర్లకు లోపే కనుక, ఒక జానెడు జరుపు కూడా లెక్కలోకి వస్తుంది.

బొమ్మను చూసి దిశ సరిచేసుకోవడం అనలాగ్ కాలంలో కుదిరేది. సిగ్నల్ తగ్గుతుంటే తెర మీద చుక్కలు పెరిగేవి, అయినా మాట వినిపించేది, మనిషి కనిపించేవాడు. డిజిటల్‌లో ఆ హెచ్చరిక లేదు. ఉదాహరణకు ఏటీఎస్‌సీ 1.0 పద్ధతిలో సిగ్నల్ రొద కన్నా దాదాపు 15 డెసిబెల్స్ (సిగ్నల్ బలాన్ని పోల్చే కొలత) ఎక్కువగా ఉండాలి. 17 ఉన్నా 30 ఉన్నా తెర మీద కనిపించేది ఒకే బొమ్మ, 14కు పడితే ఏమీ ఉండదు. కాబట్టి ఈ రోజు బొమ్మ చక్కగా వచ్చిందంటే యాంటెన్నా సరిగా ఉందని అర్థం కాదు. గట్టు అంచున నిలబడి ఉన్నామో, లోపలికి పది అడుగుల దూరంలో ఉన్నామో అంకెలు చూస్తే తప్ప తెలియదు. వాన పడి ఆకులు తడిసిన రోజున, గాలికి కొమ్మలు ఊగిన రోజున ఆ తేడా బయటపడుతుంది.

మా అంకెలు అంచుకు దగ్గరగానే ఉన్నాయి. మిగిలిన నష్టం ఎక్కడ జరుగుతోందో వెతికితే కేబుల్‌లో దొరికింది. గోడలో పాతకాలపు సన్నటి కోయాక్సియల్ కేబుల్, దాని చివర ఒక కేబుల్‌ను నాలుగుగా చీల్చే నాలుగు దారుల స్ప్లిటర్ ఉన్నాయి. నాలుగు దారుల స్ప్లిటర్ ఒక్కో దారిలో దాదాపు 7 డెసిబెల్స్ తగ్గిస్తుంది, అంటే వచ్చిన శక్తిలో అయిదో వంతు మాత్రమే టీవీకి చేరుతుంది. మూడు దారులు ఎక్కడికీ వెళ్లకుండా వృథాగా ఉన్నాయి. స్ప్లిటర్‌ను తీసేసి, 75 ఓమ్‌ల ఆర్‌జీ-6 కేబుల్‌ను యాంటెన్నా నుంచి టీవీ వరకు ఎక్కడా అతుకు లేకుండా లాగాను. ఈ మంచి కేబుల్ కూడా 600 మెగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్లకు 5 డెసిబెల్స్ పైన తినేస్తుంది కనుక, కావలసినంత పొడవే ఉంచి మిగిలినది కోసేశాను. క్వాలిటీ 58 నుంచి 81కి చేరింది. యాంప్లిఫయర్ అవసరమే రాలేదు. సిగ్నల్ నిజంగా చాలనివారికి అది పనికివచ్చే పరికరమే, అయితే దానిని టీవీ దగ్గర కాక యాంటెన్నా పక్కనే పెట్టాలి. కేబుల్‌లో నష్టపోయి రొద అంచుకు చేరిన సిగ్నల్‌ను చివరలో పెంచితే రొద కూడా దానితో పాటే పెరుగుతుంది.

ఇరవై మూడు చానళ్లు వచ్చాయి, వార్తా చానల్ మాత్రం రాలేదు. అది యూహెచ్‌ఎఫ్ అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీల శ్రేణిలో కాక వీహెచ్‌ఎఫ్ అనే తక్కువ ఫ్రీక్వెన్సీల శ్రేణిలో, 177 మెగాహెర్ట్జ్ దగ్గర ప్రసారమవుతోందని జాబితాను మళ్లీ చదివాక గాని గమనించలేదు. నా యాగీ కడ్డీలు అంత పొడవైన తరంగానికి కోసినవి కావు. ఒక్కొక్కటి 40 సెంటీమీటర్లు ఉండే రెండు చేతుల డైపోల్‌ను అదే స్తంభానికి కింద బిగించి, రెండు యాంటెన్నాలనూ వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్‌లను వేరువేరుగా తీసుకునే కంబైనర్ ద్వారా ఒకే కేబుల్‌లో కలిపాను. మధ్యాహ్నం వార్తలు ఏ అంతరాయమూ లేకుండా వచ్చాయి. సాయంత్రం ఏడు గంటలకు ఆగిపోయాయి.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆ ఒక్క చానలే, సుమారు అదే సమయానికి. టవరు వాళ్లే శక్తి తగ్గిస్తున్నారేమో అని నేను అనుమానించాను. నాన్నగారు మాత్రం ఒక కాగితం మీద బొమ్మ ఆగిన సమయాలను రాసిపెట్టి, “వేళ మారుతోంది, రోజుకు ఒకటి రెండు నిమిషాలు ముందుకు జరుగుతోంది, పొద్దు గుంకే వేళలాగే” అన్నారు. చీకటి పడగానే మా ఇంట్లో తనంతట తాను వెలిగేది గుమ్మం ముందు ఉన్న ఎల్ఈడీ దీపం ఒక్కటే. దానిని ఆర్పగానే బొమ్మ తిరిగి వచ్చింది. నాసిరకం ఎల్ఈడీ దీపాలలో విద్యుత్తును మార్చే చిన్న సర్క్యూట్ రేడియో రొదను వెదజల్లుతుంది, ఆ రొద యూహెచ్‌ఎఫ్ కన్నా వీహెచ్‌ఎఫ్‌ను ఎక్కువగా దెబ్బతీస్తుంది. దీపం మార్చాక ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు. ఇటువంటి అనుమానం ఉన్నవారు టీవీని విడి బ్యాటరీ మీదో, వేరే లైను మీదో నడిపిస్తూ ఇంటి మిగిలిన సర్క్యూట్లను ఒక్కొక్కటిగా ఆపి చూస్తే దోషి ఇంట్లో ఉందో లేదో గంటలో తేలుతుంది.

పిడుగుల కాలం రాకముందే స్తంభాన్నీ, కేబుల్ పైతొడుగునూ ఇంటి ఎర్తింగ్‌కు కలిపించాను. ఆ పని మాత్రం నేను చేయలేదు, ఎలక్ట్రీషియన్‌తో చేయించాను.

కొన్ని వారాల తరువాత ఒక ఉదయం మూడు చానళ్లు ఒకేసారి మాయమయ్యాయి. యాంటెన్నా తిరిగిందేమోనని నిచ్చెన తెచ్చుకుంటుంటే, నాన్నగారు తన కాగితం చూపించి, మిగిలిన అన్నిటి క్వాలిటీ నిన్నటిలాగే ఉందని చెప్పారు. అంటే తప్పు యాంటెన్నాది కాదు. ఆ మూడింటి ఫ్రీక్వెన్సీ మారింది. తెర మీద కనిపించే చానల్ నంబరు వేరు, గాలిలోని అసలు ఫ్రీక్వెన్సీ వేరు కనుక నంబరు మారకుండానే ప్రసారం చోటు మారగలదు, అప్పుడు ట్యూనింగ్ మళ్లీ చేసుకోవాలి. నిచ్చెనను గోడకు చేర్చి వచ్చి మళ్లీ స్కాన్ చేశాను. మూడూ వచ్చాయి. నాన్నగారు వాటి పక్కన కొత్త అంకెలు వేసుకున్నారు: 79, 80, 77.