బుజ్జోడి ఎడమ కన్ను

ఆగస్టు, మంగళవారం. విశాఖలో తెల్లారినప్పటి నుంచీ ముసురే.

ఆఫీసుకి సెలవు పెట్టి ఇవాళంతా బుజ్జోడి బొమ్మ వేశాను. కిందింటి మామ్మగారి కుక్క. పోయి రేపటికి నెల. 14 ఏళ్లు బతికాడు. నాటు కుక్క, ఒళ్లంతా నలుపు, ఛాతీ మీద మాత్రం గుప్పెడంత తెలుపు. నేను సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మొదటి మెట్టు మీద పడుకుని ఉండేవాడు. లేచేవాడు కాదు, తోకతో నేల మీద రెండుసార్లు కొట్టేవాడు. ఆ మెట్టు దగ్గరికి వస్తే ఇప్పటికీ నా కాలు దానంతటదే పక్కకి పడుతోంది.

మామ్మగారు మనవడి చేత మూడు ఫొటోలు పంపించారు. రెండు వాడి చిన్నప్పటివి. మూడోది పోయిన సంక్రాంతికి హాల్లో ట్యూబ్‌లైట్ కింద తీసింది. మూతి చుట్టూ నెరిసిపోయి, తల కొంచెం పక్కకి తిప్పి చూస్తున్నాడు. "ఈ ముసలోడినే వెయ్యమ్మా, చిన్నప్పుడు వాడు నా మాట వినేవాడే కాదు" అన్నారు.

నా దగ్గరున్నవి గాన్‌సాయ్ రంగులు, జపాన్ వాళ్ల సంప్రదాయ నీటిరంగులు. నారా నగరంలో 1902లో సిరా తయారీతో మొదలైన కురెటకే వాళ్ల 36 రంగుల పెట్టె. ఒసాకాలో పనిచేసి తిరిగొస్తూ తమ్ముడు తెచ్చాడు. బిళ్లలు మామూలు వాటర్ కలర్ బిళ్లల కంటే బాగా పెద్దవి, లావుపాటి కుంచె కూడా నేరుగా పెట్టుకోవచ్చు. మనకి అలవాటైన వాటర్ కలర్స్‌లో రంగుపొడిని పట్టి ఉంచేది తుమ్మజిగురు. గాన్‌సాయ్‌కి పాత పద్ధతిలో నికావా అనే జిగురు వాడేవాళ్లు, జంతువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసేది. ఇప్పటి పెట్టెల్లో వేరే జిగుర్లు కూడా కలుపుతున్నారు. పల్చగా వేస్తే నీళ్లలా పారే ఈ రంగు, చిక్కగా వేస్తే కాగితాన్ని కప్పేసి, ఆరాక నూనె రాసినట్టు మెరుస్తుంది. నల్ల కుక్కకి ఇంతకంటే ఏం కావాలి?

కానీ దీనికో గుణం ఉంది. ఆరిందనుకున్న పొర మీద తడి కుంచె తగిలితే కిందిది మళ్లీ కరిగి లేస్తుంది. పొద్దున్న మొదటి కాగితం అలాగే పోయింది. మెడ దగ్గర నీలం వేసి, ఆరాక దాని మీద గోధుమ, ఆ పైన నలుపు వేశాను. మూడూ కలిసిపోయి బురద రంగు అయ్యింది. వెంట్రుకలు చూపిద్దామని సన్న కుంచెతో గీసిన ప్రతి గీతా కింది రంగును తవ్వుకుంటూ పోయింది. నిజంగా ఏడుపొచ్చింది. వాడికి మళ్లీ ఏదో అన్యాయం చేసినట్టు అనిపించింది.

కాసేపు కుంచె పక్కన పెట్టి సోతాత్సు కుక్కపిల్ల బొమ్మ చూస్తూ కూర్చున్నాను. తవరాయ సోతాత్సు 17వ శతాబ్దం మొదట్లో క్యోటోలో ఉన్న చిత్రకారుడు. ఆయన సిరాతో వేసిన ఒక నల్ల కుక్కపిల్ల ఉంది. దాని ఒంటి మీద ఒక్క వెంట్రుక కూడా గీసినట్టు కనిపించదు. తడి సిరాలో ఇంకో చుక్క వదిలి, దాని దారిన దాన్ని పాకనిచ్చాడు. ఆ పద్ధతిని తరాషికోమి అంటారు. నలుపు పక్కన నలుపు వచ్చేచోట, కాలికీ పొట్టకీ మధ్య, గీత గీయకుండా కాగితాన్నే సన్నగా వదిలేశాడు. ఆ తెల్లటి ఖాళీయే గీత. ఎన్నిసార్లు చూశానో ఈ బొమ్మని. నల్ల కుక్కని నా చేత్తో పాడుచేసుకున్నాకే అది ఎంత కష్టమో తెలిసింది.

రెండో కాగితం మీద ఒక్క పొరే అనుకున్నాను. ఒళ్లంతా ముందు ఒకేసారి ముదురు నీలం పరిచాను. అది తడిగా ఉండగానే వీపు మీద నలుపు, చెవుల లోపల ఎర్రమట్టి రంగు చుక్కలుగా వదిలాను. ముందు కాలికీ ఛాతీకీ మధ్య కాగితం వదిలేశాను. ఇక ముట్టుకోలేదు. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడమే ఇందులో కష్టమైన పని. ఈ గాలిలో తేమకి ఫ్యాన్ వేసినా గంటన్నర పట్టింది. ఈలోగా చారు పెట్టుకుని అన్నం తిన్నాను. తిరిగొచ్చి చూస్తే భుజం దగ్గర నీలం, నలుపు ఒకదాంట్లోకి ఒకటి పాకి, ఎండలో నల్ల కుక్క ఒళ్లు ఎలా కనిపిస్తుందో అలాగే ఉంది.

మూతి మీద నెరుపుకి పెట్టెలోని తెలుపే వాడాను, కుంచెలో నీళ్లు దాదాపు లేకుండా పిండేసి. ముక్కుకి నలుపు చిక్కగా. అది ఆరాక మెరిసి తడి ముక్కులాగే కనిపించింది. కళ్లు రెండూ ముదురు గోధుమ. ఫొటోలో ఎడమ కన్ను తెల్లగా ఉంది, ట్యూబ్‌లైట్ పడిందనుకుని సరిచేసి వేశాను.

సాయంత్రం మామ్మగారు ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కి వచ్చారు. చాలాసేపు చూశారు. "ముక్కు వాడిదే" అన్నారు. ఇంకాసేపు ఆగి, "ఆ కన్ను కాదమ్మా. దానికి పొర వచ్చేసింది కదా, రెండేళ్లు అయ్యింది. నీకు తెలీదూ?" అన్నారు.

తెలీదు. రోజూ వాడి పక్క నుంచే వెళ్లాను.

శుభ్రమైన కుంచె తడిపి ఎడమ కంటి మీద ఆనించాను. పొద్దున్న నన్ను ఏడిపించిన గుణమే ఇప్పుడు అక్కరకొచ్చింది. గోధుమ రంగు మెల్లగా కరిగి పైకి లేచింది. టిష్యూతో అద్దాను. మళ్లీ తడిపాను, మళ్లీ అద్దాను. నాలుగోసారికి కింద మసక మిగిలింది, పాలు కలిపిన నీళ్లలాగా. దాని మీద చిటికెడు నీలం ముట్టించి ఆపేశాను. మామ్మగారు పక్కనే కుర్చీలో కూర్చుని చూస్తున్నారు, మాట్లాడలేదు.

కాసేపయ్యాక చెప్పారు. అటు వైపు కనపడక, పిలిస్తే తల ఎడమకి తిప్పేవాడట, కుడి కన్ను ఆవిడ వైపు వచ్చేలా. ఫొటోలో ఆ వంపు చూసి, వాడి అలవాటనుకుని ముచ్చటపడి వేశాను నేను.

"మరి ఇప్పుడు నన్నే చూస్తున్నాడు" అన్నారు మామ్మగారు.

బొమ్మ ఇంకా బల్ల మీదే ఉంది. ఈ తేమకి చిక్కగా వేసిన చోట్ల వేలికి అంటుతోంది. ఫ్రేమ్ కట్టించేటప్పుడు అద్దం బొమ్మకి ఆనకుండా మధ్యలో అట్టముక్క పెట్టమని చెప్పాలి.