తెల్లబడిన ప్లగ్గు

స్పార్క్ ప్లగ్గు విప్పి చూస్తే మొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. లేత గోధుమరంగులో ఉండాల్సింది!

కారు పక్కింటి పెద్దాయనది, 1972 నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్‌లో టకటక శబ్దం వస్తోందన్నారు. పెట్రోలును గాలితో కలిపే రెండు ఎస్‌యూ కార్బురేటర్లలోనూ, గాలిని అదుపు చేసే థ్రాటిల్ కడ్డీలు అరిగి, ఆ సందుల్లోంచి గాలి దొంగచాటుగా దూరుతోంది. దానికి తోడు 2021 నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలంటే పది శాతం దాకా ఇథనాల్ కలిసినదే. అది గాలి-పెట్రోలు మిశ్రమాన్ని ఇంకాస్త పలచన చేస్తుంది, అంటే గాలి పాళ్లు ఎక్కువైపోతాయి. ప్లగ్గు తెల్లబడింది అందుకే.

"పెట్రోలు తక్కువ తాగితే మంచిదే కదా?" అన్నారాయన నవ్వుతూ.

మంచిదే, పలచన మిశ్రమం వేడికి ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోయేదాకా, పిస్టన్ నెత్తిన చిల్లు పడేదాకా!

ముందు కడ్డీలు, అవి తిరిగే బుష్షులు మార్చాలి. పెట్రోలు మోతాదు సరిచేసే జెట్ నట్టు తిప్పడం ఆ తర్వాతే. ఆయనకేమో ఆదివారం షికారు తొందర.