ఓం సారు కట్టిన ఏరియల్

మన బడి పాత దోస్తులం కలిసే రోజు తెచ్చే సంచిక కోసమని క్లాస్ లీడర్ ఫోన్ చేసిండు. "పేజీన్నర రాయి, ఫోటో పంపు, ఆదివారంలోపల కావాలె." బోర్డు మీద పేర్లు రాసే అలవాటు ఇంకా పోలేదు వీనికి. ఏం రాయాల్నంటే, "నీ రేడియో పిచ్చి రాయి. ఎవనికీ సమజ్ కాదు గనుక ఎవడూ తప్పు పట్టడు" అన్నడు.

ఆ పిచ్చి పట్టించింది మన సైన్సు సారు, ఓం సారే. సైకిల్ స్టాండు దగ్గరి వేపచెట్టు యాదున్నది గదా. దాని చిటారు కొమ్మకు ఏరియల్ కట్టాలని సారు అంటే ఎక్కింది మన క్లాసుల కోతి అని పిలిచెటోడే, ఇంకెవరు ఎక్కుతరు! అక్కడినుంచి ల్యాబు కిటికీ దాకా రాగితీగ గుంజినం. (జెండా కర్ర సంగతి ఇక్కడ రాయను, పెద్దసారు కొడుకు కూడా ఈ సంచిక చదువుతడు.)

రేడియో చేసేటందుకు సారు కోఠి గుజరాతీ గల్లీ నుంచి జర్మేనియం డయోడు, తిప్పి స్టేషను పట్టే గ్యాంగ్ కండెన్సరు, హెడ్‌ఫోను తెచ్చిండు. అట్టగొట్టం మీద ఎనామిల్ తీగ చుట్టే పని బియ్యంబస్తాకు పడ్డది. వాడు చుట్లు లెక్కపెడుతుంటే మనం వెనకనుంచి వేరే అంకెలు చెప్పి ఎన్నిసార్లు మొదటికి తెచ్చినమో! ఎర్తు తీగను బోరింగు గొట్టానికి చుట్టినం. గ్యాంగు తిప్పంగ తిప్పంగ 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ కేంద్రం, దోమ రొదంత సన్నగ.

"సెల్లు ఏడ పెట్టిండ్రు సార్?" అని అడిగిండు బియ్యంబస్తా.

"సెల్లు హైదరాబాద్‌ల ఉన్నదిరా. స్టేషనోళ్లు గాలిలోకి వదిలిన కరెంటుల మనకందిన ఇంతంత ముక్కతోనే ఇది మోగుతున్నది."

ఉన్నది ఒక్క హెడ్‌ఫోను, చెవికొకడు. నా వంతు వచ్చేసరికి వార్తలు అయిపోయినయ్. అంతలో బయట ఎవడో బోరింగు కొట్టిండు, చెవిలో గరగర. ఆపితే రేడియో, కొడితే గరగర. సారు కోప్పడలే. ఎర్తు తీగ విప్పించి, గొట్టం తుప్పు పోయేదాకా గరుకు కాయితంతో రుద్దించి, మళ్లా బిగించిండు. "పైన తీగ అందరికీ కనబడుతది. కింద అతుకు చూసెటోడే రేడియో పనికొస్తడు" అన్నడు. బెల్లు కొట్టినా ఎవరం కదలలే.

పదో తరగతి, ఇంటరు, కరెంటు ఆఫీసు కొలువు, ట్రాన్స్‌ఫర్లు, పెండ్లి, పిల్లలు... అందరికీ అయినయే నాకూ అయినయ్.

2004 డిసెంబరులో అండమాన్‌ల ఒక హ్యామ్ (లైసెన్సు తీసుకుని సరదాకు రేడియోల మాట్లాడుకునేటోళ్లు) బృందం ఉండె, భారతి ప్రసాద్ గారిది. రేడియోల అరుదుగ పలికే, ప్రపంచంలోని హ్యామ్‌లందరూ ఎదురుచూసే చోటు గనుక పోర్ట్ బ్లెయిర్ పోయి సెట్లు పెట్టుకున్నరు. 26న సునామీ వచ్చింది. సరదాకని మోసుకుపోయిన ఆ సెట్ల మీదనే దీవుల నుంచి బయటికి కబుర్లు వచ్చినయ్. పేపర్ల అది చదివినంక ఆగబుద్ధి కాలే. పరీక్ష రాసి, లైసెన్సు తీసుకున్న. వెరిఫికేషన్‌కు వచ్చిన కానిస్టేబుల్ మేడ మీది తీగ చూసి "కేబుల్ కనెక్షనా అన్నా?" అన్నడు. చాయ్ తాగి పోయిండు.

మొదటి స్టేషన్ మెట్ల గదిలో పెట్టిన. సెట్టు ఇంట్లో చేసుకున్న బిటెక్స్, హైదరాబాద్ అష్హర్ ఫర్హాన్ గారు గీసిన సర్క్యూటు. బజార్ల దొరికే మామూలు ట్రాన్సిస్టర్లతోనే అయితది. అయిదారు వాట్లు, అంతే. యాంటెన్నా 7 మెగాహెర్ట్జ్‌కు డైపోల్, అటు 33 ఇటు 33 అడుగుల తీగ, నడుమ తీగకూ కేబులుకూ జత కుదిర్చే బాలన్. నిలువు యాంటెన్నాకైతే కింద ఎర్తులెక్క పనిచేసే రేడియల్ తీగలు పాతాలె. మన నల్లగొండల గడ్డపార ఎత్తితే బండ, ఎవరు పాతుతరు? ఆ డైపోల్ మీదనే పగటిపూట బెంగళూరు, చెన్నై పలికినయ్. తొలకరికి ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరుగుతున్నదో చెప్పే లెక్క, 1 దగ్గర ఉండాలె) ఒక్కసారి 3 దాటితే నేను తీగ చూడలే, సక్కగ పోయి అతుకు చూసిన. కనెక్టర్‌ల నీళ్లు!

రిటైర్ అయినంక పైసలొచ్చినయ్ గనుక 100 వాట్ల ఐకామ్ 7300 కొన్న. దానికి 13.8 వోల్టుల పవర్ సప్లై, యాంటెన్నాకు సన్న ఆర్‌జీ58 కేబుల్ తీసి లావు ఆర్‌జీ213 కేబుల్, 14 మెగాహెర్ట్జ్‌కు ఇంకో డైపోల్. దీని తెర మీద బ్యాండంతా కనబడుతది, వాడకట్టు గరగర కూడా కనబడుతది. మెయిన్ బంద్ పెట్టి బ్యాటరీ మీద విన్న. గరగర మాయం. అంటే దొంగ మా ఇంట్లోనే. ఒక్కొక్క ఎంసీబీ ఎత్తుకుంట పోతే పూజగదిల దొరికిండు: ఎల్‌ఈడీ మాల అడాప్టరు.

"మీ రేడియో కోసం దేవునికి చీకటి చేస్తరా?" అన్నది మా ఆవిడ. దీపాలు తీయలే. అడాప్టరు వైరును గరగర ఆపే ఫెర్రైట్ రింగులో చుట్లు తిప్పిన. లెక్కపెట్టుకుంట బియ్యంబస్తాను తల్చుకున్న.

నా క్యూఎస్ఎల్ కార్డు (మాట్లాడినట్టు గుర్తుగ హ్యామ్‌లు ఒకరికొకరు పంపుకునేది) మీద, పొద్దంతా నీడ ఒక్కచోటనే నిలిచే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం బొమ్మ వేయించిన. జపాన్‌ల ఒకాయన కార్డు అందినంక, నీడ కదలకుండ ఎట్ల నిలబడుతదని అడిగిండు. భూమిని గడులు చేసి పేర్లు పెట్టిన హ్యామ్‌ల లోకేటర్ పటంల మనది ఎంకే97. హైదరాబాద్‌దీ అదే గడి, బస్సు టికెట్ దండుగ అనుకోండ్రి. 100 దేశాలతో మాట్లాడినట్టు రుజువు చూపిస్తే ఇచ్చే డీఎక్స్‌సీసీ పత్రం ఫ్రేము కట్టి గోడకున్నది. లెక్కల్లో నాకొచ్చిన మార్కులు ఎరిగినోళ్లు వచ్చి చూసుకోవచ్చు.

కలిసే రోజు సెట్టు బడికి తెస్త. లీడర్, ల్యాబు పక్క గది తాళం తీపియ్యి. డెకరేషనోళ్ల సీరియల్ బల్బులు ఆ దిక్కు రానియ్యకు, జనరేటర్ గేటు అవతల పెట్టియ్యి. కోతి చెట్టెక్కుడు అక్కరలేదు, తాడుకు రాయి కట్టి విసురుదాం. ఎవరు విసరాల్నో మీరే తేల్చుకోండ్రి. పెద్దసారు గది అద్దం పగలగొట్టినోడు మాత్రం వద్దు, వాడెవడో నాకు తెలుసు.