క్రియ చివర్లో వస్తుంది

పోయిన వేసవిలో ఒక ఆదివారం సాయంత్రం, బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా డైస్ వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, మా తమ్ముడు నిప్పు మంత్రం ఫైర్‌బాల్ వేశాడు. "థర్డ్ లెవెల్ స్లాట్ ఒకటి మిగిలింది అన్నయ్యా, ఫైర్‌బాల్" అంటూ ఎనిమిది డైస్ గుప్పిట్లో పోసుకుని విసిరాడు. కూడితే 31. ఇరవై అడుగుల మేర నిప్పు విరుచుకుపడింది, ఆరుగురు దొంగలు కాలిపోయారు. మా మరదలు ఫోన్లోంచి తలెత్తలేదు. మా ఆఫీసు ఫ్రెండు "ఇప్పుడు నా టర్నా?" అన్నాడు.

స్లాట్ అంటే పెద్ద మంత్రాలకి రోజుకి ఇన్నని ఇచ్చే వాటాలో ఒకటి, అది ఖర్చయింది. రూల్స్ ప్రకారం అంతా సరిగ్గానే జరిగింది. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక మనిషి వట్టి చేతుల్తో గాల్లోంచి నిప్పు పుట్టిస్తే పక్కనున్నవాళ్ళకి ఒళ్ళు జలదరించాలి కదా. మేం మాత్రం కరెంటు బిల్లు కట్టినట్టు కట్టేసి ముందుకెళ్ళిపోయాం. ఆరేళ్ళుగా గేమ్ నడిపిస్తున్నాను, అంటే కథ చెప్పేదీ, ఏం జరిగిందో తేల్చేదీ నేనే. తప్పు ఆడేవాళ్ళది కాదని ఆ మాత్రం తెలుసు.

ఈ స్లాట్ల పద్ధతి మూలం పాతది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు, జాక్ వాన్స్ అనే రచయిత కథల్లోని ఊహ ఒకటి అందులోకి వచ్చింది. మాంత్రికుడు మంత్రాన్ని కష్టపడి బుర్రకెక్కించుకుంటాడు, పలకగానే అది బుర్రలోంచి చెరిగిపోతుంది. ఆ మొదటి రూల్స్‌లో కొత్త మాంత్రికుడికి రోజుకి ఒకే ఒక్క మంత్రం. ఉన్నది ఒక్కటే అయినప్పుడు ఇప్పుడు వాడాలా, దాచుకోవాలా అన్న టెన్షన్ బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుస్తుంది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో చిన్న మంత్రాలు ఎన్నిసార్లైనా వేయొచ్చు, పెద్దవాటికి స్లాట్లు ఖర్చవుతాయి. ఆడటానికి హాయిగా ఉంటుంది, కొత్తవాళ్ళకి నేనిప్పటికీ దాన్నే నేర్పిస్తాను. కానీ ఆ ఖర్చు కాగితం మీద పెన్సిల్‌తో కొట్టేసే గడి. ఆడుతున్నవాడికి తప్ప ఇంకెవరికీ కనిపించదు.

1981 నాటి కాల్ ఆఫ్ కథుల్హు అనే ఇంకో ఆటలో మంత్రం వేస్తే మతి పోతుంది, ఆ పాత్ర కొంచెం కొంచెంగా చేజారిపోవడం అందరూ చూస్తారు. నాకది ఇష్టం, అయితే మా ఇంట్లోవాళ్ళకి భయం కథలు పడవు.

నేను ఎక్కువకాలం పట్టుకు వేలాడింది ఆర్స్ మ్యాజికా. 1987లో జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్‌హేగన్ రాసిన గేమ్ అది. అందులో మంత్రం ఒక చిన్న వాక్యం. ఐదు క్రియలు, పది నామాలు, అన్నీ లాటిన్‌లో. క్రేయో అంటే సృష్టిస్తాను, ఇగ్నెం అంటే నిప్పు. రెండూ కలిపితే నిప్పు పుడుతుంది. పెర్డో ఇగ్నెం అంటే నిప్పు ఆరిపోతుంది. ఐదు పదులు యాభై జతలతో లోకమంతా చెప్పొచ్చు. ఇంత అందమైన డిజైన్ నేను ఇంకెక్కడా చూడలేదు. మూడు నెలలు మా బల్ల మీద పెట్టి చూశాను. లాటిన్ మాట అనేసి, మళ్ళీ దాని అర్థం తెలుగులో చెప్పుకుని, అప్పుడు డైస్ వేసేవాళ్ళం. ఆ అర్థం చెప్పుకునే వ్యవధిలో వేడి చల్లారిపోయేది.

అప్పుడు ఒకరోజు ఎనిమిదో క్లాసు చదివే మా అక్క కూతురు పక్కగదిలో పరీక్షకి బట్టీ పడుతోంది. "డు ము వు లు ప్రథమా విభక్తి, నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి, చేతన్ చేన్ తోడన్ తోన్ తృతీయా విభక్తి..." అదే రాగం, నేనూ అలాగే బట్టీ పట్టాను. వింటూ వింటూ కాగితం తీసుకున్నాను. మంత్రం వాక్యానికి కావలసినవన్నీ ఆ విభక్తుల్లోనే ఉన్నాయి. దేన్ని, దేనితో, ఎవరి కోసం, దేనివల్ల, ఎవరికి, ఎక్కడ. పైగా మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. "నిప్పుని తలుపుకి" అని ఆగితే, ఏం జరగబోతోందో ఎవరికీ తెలియదు. అంటించొచ్చు, చూపించొచ్చు. ఆ ఆగిన క్షణమే నాకు కావలసింది.

మేం దీన్ని మంత్రం అనం. మా అమ్మ పొద్దున్నే దేవుడి దగ్గర చదివేది మంత్రం, ఆ మాట జోలికి పోదలుచుకోలేదు. మాది వాక్కు.

రూల్ ఇది. వాక్కు కట్టేవాడు ఒక్కో మాట విభక్తితో సహా పైకి పలకాలి. పలికిన ప్రతి మాటకీ అప్పుడే ఒక ఆరుముఖాల డైస్ వేసి బల్ల మధ్యలో వదిలేయాలి. క్రియకి డైస్ లేదు, అది పలకగానే వాక్కు ముగుస్తుంది. చిన్న పనికి మొత్తం 6 రావాలి, మధ్యరకానికి 10, పెద్దదానికి 14. మాటకీ మాటకీ మధ్య ఎవరైనా అడ్డుపడొచ్చు. మొత్తం 15 దాటిందా, క్రియ వాడి నోట్లోంచి జారిపోతుంది. దాన్ని నేను పలుకుతాను.

లెక్క వేసి చూసుకున్నాను. మూడు డైస్‌తో 15 దాటేది 216లో పదిసార్లే. నాలుగైతే దాదాపు మూడింట ఒకసారి. ఐదైతే పదింట ఏడుసార్లు. అంటే నాలుగో మాట దగ్గర మనిషి నిజంగా ఆగి ఆలోచిస్తాడు. మొదట హద్దు 18 పెట్టాను, రెండు వారాలు ఎవరూ దాటలేదు, చప్పగా ఉంది. 15కి దించాక బల్ల మారిపోయింది.

విభక్తికో ధర కూడా ఉంది. పంచమి వాడితే, అంటే "నది వల్ల", "దీపం నుంచి" అంటే, తీసుకున్న చోట అంత తరుగుతుంది. చతుర్థి వాడి వేరేవాళ్ళ కోసం చేస్తే ఒక డైస్ మళ్ళీ వేసుకోవచ్చు. అది పెట్టిన రోజునుంచి మా మరదలు తన కోసం దాదాపు ఏమీ అడగడం లేదు, అన్నీ పక్కవాళ్ళ కోసమే. తృతీయ నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. మా ఫ్రెండు మొదటి రోజే "సేనాపతి చేత కత్తిని కింద పెట్టించు" అన్నాడు. చేత పక్కన "ఇంచు" చేరితే ఎదుటి మనిషి మన చేతిలో బొమ్మ. దాన్ని తీసేద్దామా అనుకున్నాను, కానీ భాషలో ఉన్నదాన్ని ఎలా తీసేస్తాం? చివరికి దానికి అప్పు పెట్టాను. నువ్వు ఒకరి చేత ఒకటి చేయిస్తే, ఎప్పుడో ఒకప్పుడు వాళ్ళు నీ చేత ఒకటి చేయిస్తారు, కాదనే వీల్లేదు. మా ఫ్రెండు పాత్ర నెత్తిన ఇప్పుడు మూడు అప్పులున్నాయి. సేనాపతి ఇంకా బతికే ఉన్నాడు.

దీపావళి తర్వాత ఆడిన ఆటలో కోట లోపలి గది తలుపు దగ్గర చిక్కుకున్నారు. బయట కాపలావాళ్ళ అడుగుల చప్పుడు. మా తమ్ముడు లేచి నిలబడ్డాడు. "దీపం నుంచి" అన్నాడు, 4 పడింది. "నిప్పుని", 5. "తలుపులో", 3. మొత్తం 12. "తలుపులో అంటించు" అనేసి ఉంటే తలుపు కాలేది. కానీ వాడికి తలుపంతా కాలితే పొగ, గోల వస్తాయని భయం. గొళ్ళెం ఒక్కటీ కరగాలి. మరదలు వాడి చెయ్యి పట్టుకుని వద్దంది. "గొళ్ళేనికి" అన్నాడు. 5 పడింది. 17.

ఎవరూ మాట్లాడలేదు. అందరూ నా మొహం వైపే చూస్తున్నారు. దీపం నుంచి నిప్పుని తలుపులో గొళ్ళేనికి... నాక్కూడా ఏం రావాలో ముందు తెలియదు. నోటికొచ్చిన మాట "అప్పగించు".

దీపం ఆరిపోయింది. చీకట్లో తలుపు చెక్కుచెదరలేదు. గొళ్ళెం మాత్రం ఎర్రగా, దానంతట అది వెలుగుతోంది. అప్పగించిన నిప్పు ఇప్పుడు దాని సొంతం, అది ఎప్పటికీ ఆరదు. ముట్టుకోలేరు, తీయలేరు. పెళ్ళిలో అప్పగింతలప్పుడు ఉండే నిశ్శబ్దం లాంటిది మా హాల్లో ఒక నిమిషం ఉంది. తర్వాత అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు.

గొళ్ళెం చుట్టూ చెక్కని కత్తితో తవ్వి, తడి గోనెసంచిలో చుట్టి పట్టుకుని బయటపడ్డారు. దాన్నిప్పుడు మరదలి పాత్ర మోస్తోంది.

సంబోధన గురించి నేనింకా తేల్చుకోలేకపోతున్నాను. ఓ, ఓరి, ఓయి, ఓసి. పేరుపెట్టి పిలిస్తే ఏ వస్తువైనా వింటుంది, అది అన్నిటికంటే పెద్ద శక్తి. ఓ అని పిలిస్తే మామూలుగా వింటుందనీ, ఓరి, ఓసి అంటే పని చేసినా మనసులో పెట్టుకుంటుందనీ రాసుకున్నాను. మాట మర్యాదకి కూడా ధర ఉండాలని నా కోరిక. డైస్ ఎన్ని వేయించాలో మాత్రం కుదరడం లేదు.

మొన్న ఫోన్లో మరదలు, వచ్చే ఆదివారం గొళ్ళేన్ని పిలుస్తానంది. ఎలా పిలవాలో ఆలోచించుకుని రమ్మన్నాను.

"అది నేను చూసుకుంటాను బావగారూ. అది నన్ను ఏమని పిలుస్తుందో మీరు ఆలోచించారా?"

రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను.